గట్టు లేని కాలువలు

నెల కిందట ఒక రాత్రి పదిన్నరకు పాత మిత్రుడొకడు ఫోను చేశాడు. పాలిటెక్నిక్ పిల్లల కోసం ఎలక్ట్రానిక్స్ పుస్తకమొకటి తెలుగు చేస్తున్నాడు. కుశల ప్రశ్నలేమీ లేవు. "ఛానెల్‌కు తెలుగేమిటోయ్?" అన్నాడు.

"ఏ ఛానెల్?" అన్నాను.

"ఏ ఛానెలేమిటి? ఇంగ్లిషులో ఉన్నది ఒక్కటేగా!"

ఒక్కటే, కాదనను. కానీ ఆ ఒక్కటీ అతని పుస్తకం మొదటి అధ్యాయంలో టెలిఫోను తీగ మీద ఉంటుంది. నాలుగో అధ్యాయంలో రేడియోలో ఉంటుంది. ఆరో దానిలో ఫొటోలోని ఎరుపు రంగులో, తొమ్మిదో దానిలో ట్రాన్సిస్టరు కడుపులో ఉంటుంది. మనవాడు మొదటి నుంచీ అన్నిచోట్లా "మాధ్యమం" అని వేసుకుంటూ వచ్చాడు. ట్రాన్సిస్టరు దగ్గరికి వచ్చేసరికి తన వాక్యం తనకే అర్థం కాలేదట. నేను నాలుగైదు మాటలు చెప్పి, ఏది ఎక్కడ నప్పుతుందో వివరించబోయాను. "వెనక పట్టికలో ఒక్క మాటకే చోటుంది, ఒక్కటి చెప్పు" అని విసుక్కుని పెట్టేశాడు.

ఆ విసుగుకు ఇది నా జవాబు. కాస్త పొడుగ్గానే ఉంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో ముప్పై ఐదేళ్లు పనిచేసి ఇంటికి వచ్చినవాణ్ని. అంతకు ముందు కాలువ లస్కరు కొడుకుని. ఛానెల్ అన్న మాటను మొదట విన్నది ఎక్స్ఛేంజీలో కాదు, కాలువ గట్టు మీద.

మా నాన్న గోదావరి మధ్య డెల్టాలో లస్కరు. నీటిపారుదల శాఖ మెట్లలో దాదాపు అట్టడుగున ఉండే ఉద్యోగం అది. పై అధికారులు ఆయన పేరు మరిచిపోయేవారు. కాలువకు నీళ్లు వదిలే షట్టరు తిప్పే తాళం మాత్రం ఆయన దగ్గరే ఉండేది కాబట్టి నాట్ల రోజుల్లో ఊళ్లో ఆయన పేరు తెలియనివారు లేరు. ఆఫీసు పుస్తకంలో పెద్దదానికి కెనాల్ అనీ, దాని నుంచి చీలి పొలాల్లోకి పోయేదానికి ఛానెల్ అనీ రాసి ఉండేది. ఊళ్లో ఆ మాట ఎవరూ అనేవారు కాదు. కాలువ, పంట కాలువ, పిల్ల కాలువ, బోదె, మురుగు కాలువ అనేవారు. ఇంగ్లిషు రెండు మాటలతో సరిపెట్టుకున్నచోట మాకు ఐదు ఉండేవి. ఇంకా ఉండేవేమో కూడా, నాకు గుర్తున్నవి ఇవి.

1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగిన ఆ కాలువల్లో నీళ్లతో పాటు పడవలూ నడిచేవి. లాకుల దగ్గర పడవ ఆగితే బియ్యం బస్తాలతో పాటు పై ఊరి కబుర్లు కూడా దిగేవి. ఇది నాన్న నాన్న చెప్పిన సంగతి. నేను చూసేనాటికి పడవలు తగ్గిపోయాయి.

వేసవిలో కాలువలు కట్టేశాక మరమ్మతులు మొదలయ్యేవి. నాకు అప్పుడు వింతగా తోచిన సంగతి ఒకటుంది. నాన్న ఎండిన కాలువలోకి దిగి అడుగు చూసేవాడు కాదు. గట్టు మీద నడిచేవాడు. పీతలు చేసిన బొరియలు, పందికొక్కులు తవ్విన కన్నాలు, రాత్రివేళ ఎవరో పలుగుతో చేసిన గండి ఆనవాళ్లు వెతికేవాడు. పూడిక తీయడం కూలీల పని, గట్టు చూడడం ఆయన పని. నీళ్లు పల్లానికి ఎలాగూ పోతాయి, వాటికి ఎవరూ నేర్పనక్కరలేదు. పక్కవాడి చేలోకి పోకుండా ఆపేది గట్టు. గట్టు తెగిన రోజున కాలువ అన్న పేరు పోయి వరద అవుతుంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. ఛానెల్ అంటే మోసుకుపోయేది అనుకుంటాం. కాదు, విడదీసేది. ఇంజినీర్లు ఆ మాటను ఎక్కడెక్కడికి తీసుకుపోయినా ఈ గట్టును వెంట తీసుకుపోయారు. ఈమధ్య కొన్నాళ్లుగా గట్టు లేని వాటికి కూడా ఆ పేరు పెడుతున్నారు, నా పేచీ అక్కడ.

పుట్టుక మాట కూడా చూద్దాం. లాటిన్‌లో కన్నా అంటే రెల్లు, వెదురు వంటి బోలుగా ఉండే కాడ. దాని నుంచి గొట్టానికీ కాలువకూ కనాలిస్ అన్న పేరు వచ్చింది. ఇంగ్లిషులోకి అదే మాట కెనాల్‌గా ఒకసారి, ఫ్రెంచి గుండా ఛానెల్‌గా ఇంకోసారి వచ్చింది. అంటే నాన్న పుస్తకంలోని రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. మన కాలువకు వాటితో చుట్టరికం లేదు. తమిళుల కాల్వాయ్, వాయ్‌క్కాల్ దీని తోబుట్టువులు. ధ్వని కలిసినంత మాత్రాన బంధుత్వం కలిపేవాళ్లు నాకు తగులుతుంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. అన్నట్టు ఛానెల్ అని ఒత్తు ఛ తో ఎందుకు రాస్తామో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా చానల్, చానెల్, ఛానల్, ఛానెల్ అని నాలుగు రకాలుగా రాసుకుంటున్న జాతికి ఒక్క అనువాద పదం కావాలట!

ఇక తీగ దగ్గరికి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మొదట వేసింది క్యారియర్ గదిలో. ఊరికీ ఊరికీ మధ్య ఒకే తీగ జత మీద పన్నెండు మంది ఒకేసారి మాట్లాడుకునేలా చేసే గది అది. మనిషి గొంతులో ఫోనుకు అవసరమైన భాగం 300 నుంచి 3,400 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) వరకు ఉంటుంది. దానికి 4,000 హెర్ట్జ్ వెడల్పు గల గది ఒకటి ఇస్తారు. ఇలాంటి పన్నెండు గదులను పక్కపక్కన పేర్చితే 60 నుంచి 108 కిలోహెర్ట్జ్ వరకు ఒక గ్రూపు అవుతుంది. ఒక్కో గదికీ ఛానెల్ అని పేరు. లెక్క చూడండి: వాడుకునేది 3,100, ఇచ్చింది 4,000. మిగిలిన 900 ఏమైంది? గట్టుకు పోయింది. దాదాపు నాలుగో వంతు నేల గట్టుకే! పొలం కొలిచేటప్పుడు గట్టు కింద పోయిన సెంట్ల కోసం కొట్లాడుకునే అన్నదమ్ములను చూసి పెరిగినవాణ్ని, ఆ 900 నాకు మొదటి రోజే అర్థమైంది. ఆ గట్టు సరిగా లేనప్పుడు ఒకరి మాట ఇంకొకరి ఫోనులో వినిపించేది. పాత ట్రంక్ కాల్ చేసినవారికి గుర్తుండే ఉంటుంది, మన మాటల వెనక ఎవరిదో పెళ్లిచూపుల సంభాషణ.

తరువాత డిజిటల్ పద్ధతి వచ్చింది. ఇప్పుడు గట్టు స్థలంలో కాదు, కాలంలో. సెకనుకు 8,000 సార్లు గొంతును కొలిచి, ఒక్కో కొలతకు ఎనిమిది బిట్లు, అంటే సున్నా లేక ఒకటి పట్టే ఎనిమిది గళ్లు ఇస్తారు. ఒక కొలతకూ తరువాతి కొలతకూ మధ్య ఉండే 125 మైక్రోసెకన్లను (సెకనులో పది లక్షో వంతు మైక్రోసెకను) ముప్పై రెండు వంతులు చేస్తారు. ముప్పై వంతులు మాటలకు, ఒకటి లెక్క తప్పకుండా చూసుకోవడానికి, ఇంకొకటి ఎవరు ఎవరికి ఫోను చేస్తున్నారో చెప్పడానికి. మొత్తం సెకనుకు 20 లక్షల 48 వేల బిట్లు. ఒక్కో వంతుకు దక్కేది నాలుగు మైక్రోసెకన్లయినా కాదు. దీన్ని బోర్డు మీద గీసి శిక్షణలో చెబుతుంటే నాకు లోపల నవ్వు వచ్చింది. వంతు! నీళ్లు తక్కువైన ఏడాది నాన్న చేసే పని అదే కదా, పై ఊరికి ఇన్ని రోజులు, శివారు ఊరికి ఇన్ని రోజులు. రైతుల చేతిలో కర్రలు లేవు, అంతే తేడా.

మా వాడి "మాధ్యమం" ఇక్కడే తప్పుతుంది. తీగ మాధ్యమం. గాలి మాధ్యమం, గాజు పోగు మాధ్యమం. ఒక మాధ్యమంలో పన్నెండు ఛానెళ్లు ఉండవచ్చు, మూడు వేలు ఉండవచ్చు. మాధ్యమం ఒక పదార్థం, ఛానెల్ మనుషులు ఒప్పందం మీద గీసుకున్న గీత. ఈ రెంటినీ కలిపేస్తే విద్యార్థికి పుస్తకం మొత్తం మీద ముఖ్యమైన సంగతే అందకుండా పోతుంది.

అయితే మా వాణ్ని మాత్రమే తప్పుపట్టలేను. 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ బెల్ టెలిఫోను సంస్థ పత్రికలో అచ్చువేసిన ప్రసిద్ధ వ్యాసంలో ఛానెల్ అంటే సంకేతాన్ని పంపడానికి వాడే మాధ్యమం మాత్రమేనని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కానీ ఆ తరువాతి పేజీలన్నీ దాని హద్దుల గురించే. ఎంత వెడల్పు, అందులో రొద ఎంత, ఆ రెండూ తెలిస్తే దాని గుండా తప్పులు లేకుండా ఎంత సమాచారం పోగలదో చెప్పవచ్చన్నాడు. పంపేవాడి తెలివితేటలు ఎన్ని ఉన్నా ఆ హద్దు దాటలేడు. 3,100 హెర్ట్జ్ వెడల్పు ఉండి, రొద కంటే మాట వెయ్యి రెట్లు బలంగా ఉన్న టెలిఫోను ఛానెల్‌కు ఆ సూత్రం వేస్తే సెకనుకు దాదాపు 31 వేల బిట్లు వస్తుంది. 1990లలో ఇంటర్నెట్ కోసం ఫోను తీగకు తగిలించిన మోడెములు 33.6 కిలోబిట్ల దగ్గర ఎందుకు ఆగిపోయాయో అర్థమైందా? కాస్త మంచి తీగ ఉంటే కాస్త ఎక్కువ, అంతే. తరువాత 56 అని పెట్టె మీద రాసి అమ్మారు. అదేమీ షానన్‌ను ఓడించడం కాదు. అప్పటికి ఎక్స్ఛేంజీలు డిజిటల్ అయిపోయాయి కాబట్టి ఒకవైపు సంకేతాన్ని అంకెలుగా మార్చే మార్పిడి ఒకటి తప్పించి, రొద తగ్గించారు. గట్టు జరిపారు, గట్టు తీసేయలేదు. మా ఎక్స్ఛేంజీకి వచ్చి "56 అని కొన్నాను, 28 వస్తోంది" అని గొడవపడినవారికి ఈ సంగతి చెప్పబోయి తిట్లు తిన్నాను.

ఈ హద్దు తెలుగు రాతను ఎలా వంచిందో చూస్తే మాత్రం నవ్వు రాదు. సెల్‌ఫోను పొట్టి సందేశం, అదే ఎస్సెమ్మెస్, మాటలు నడిచే పెద్ద కాలువలో పోదు. కాల్ ఎక్కడి నుంచి, ఎక్కడికి అని నెట్‌వర్క్ తనలో తాను చెప్పుకునే చిన్న బోదె ఉంటుంది. అందులో ఖాళీగా ఉన్న వేళల్లో పోయేలా దాన్ని కల్పించారు. బోదె కాబట్టి ఒక సందేశానికి 140 బైట్లే, బైటుకు ఎనిమిది బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కనుక 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కో గుర్తుకు పదహారు బిట్లు కావాలి కనుక 70. అవి కూడా అక్షరాలు కావు, గుర్తులు. స్త్రీ అన్నది మన కంటికి ఒక్క అక్షరం. ఫోనుకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిసి ఆరు. శుభాకాంక్షలు అన్న ఐదు అక్షరాలు పన్నెండు గుర్తులు. అదే మాటను ఇంగ్లిషు లిపిలో రాస్తే పద్నాలుగు గుర్తులైనా 160లో పద్నాలుగు, తెలుగులో రాస్తే 70లో పన్నెండు. సందేశానికి రూపాయి లెక్కన తీసుకున్న రోజుల్లో ఏది చవకో చిన్నపిల్లలు కూడా చెబుతారు. తెలుగు యువత సొంత లిపిని వదిలేసి ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తోందని ఆ రోజుల్లో సభల్లో ఎంతమంది కన్నీరు పెట్టారో! ఫోన్లలో తెలుగు అక్షరాలు సరిగా రాకపోవడం ఒక కారణం, బోదె ఇరుకు ఇంకో కారణం. యువత భాషాభిమానాన్ని శంకించేవారు ముందు ఆ 140 బైట్లను శంకించాల్సింది.

బోదె ఇరుకైతే జనం ఇంకా ఇరుకైన దారి ఒకటి కనిపెట్టారు, దానికి డబ్బే లేదు. మిస్డ్ కాల్. ఫోను మోగించడం సంకేతాల బోదెలో జరిగే పని. అవతలివారు ఎత్తితేనే మీటరు తిరుగుతుంది. ఎత్తకపోతే ఉచితం. మా ఇంట్లో ఒప్పందం ఇలా ఉండేది: ఒకసారి మోగితే క్షేమంగా చేరాను, రెండుసార్లు మోగితే బస్టాండుకు రండి, మూడుసార్లు మోగితే ఈ రోజు రావడం లేదు. ఒక సంక్రాంతికి మా తమ్ముడు రాత్రి పదకొండింటికి బస్సు దిగి, రెండుసార్లు మోగించి పెట్టేశాడు. ఇంట్లో మూడు మోగింది. ఆ రాత్రి వాడు రెండు సంచులతో నాలుగు కిలోమీటర్లు నడిచాడు, మేము తలుపులు వేసుకుని హాయిగా పడుకున్నాం. ఎందుకంటే మనం ఫోను చెవి దగ్గర పెట్టుకుని వినే మోత అవతలి ఫోనులో మోగే మోత కాదు. అది ఎక్స్ఛేంజి మన కోసం విడిగా వినిపించేది, రెంటికీ లెక్క కలవాలని లేదు. ఈ సంగతి ఇంట్లో తెలిసినవాణ్ని నేను ఒక్కణ్నే, చెప్పనివాణ్నీ నేనే. తమ్ముడు ఇప్పటికీ సంక్రాంతికి ఆ మాట ఎత్తుతాడు. షానన్ తన వ్యాసంలో పంపేవాడి నుంచి అందుకునేవాడి దాకా గీసిన బొమ్మలో, ఛానెల్ ఉండే మధ్య పెట్టెలోకి కింది నుంచి వచ్చి గుచ్చుకునే రొద అనే బాణం ఒకటి ఉంటుంది. మా తమ్ముడి నడక ఆ బాణం పని.

సమాచారం పంపడానికి ఉద్దేశించనే లేని దారి గుండా సమాచారం పోతే దానికి కూడా ఛానెల్ అనే పేరు ఉంది. 1973లో బట్లర్ లాంప్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దానికి దొంగచాటు ఛానెల్ అన్న అర్థమిచ్చే పేరు పెట్టాడు. రహస్యం చూడడానికి అనుమతి ఉన్న ప్రోగ్రాము ఆ రహస్యాన్ని బయటికి రాయకుండా, తన పని వేగం హెచ్చించీ తగ్గించీ గమనించేవాడికి చెప్పేయగలదని చూపించాడు. 1996లో పాల్ కోచర్ ఇంకో మెట్టు ఎక్కి, చెప్పాలని ఎవరూ అనుకోకపోయినా చాలునన్నాడు. రహస్య సంకేతాన్ని విప్పడానికి యంత్రానికి పట్టే సమయాన్ని పదేపదే కొలిచి తాళంచెవిని రాబట్టవచ్చని నిరూపించాడు. పక్కదారి దాడి అంటే ఇదే. 2018 జనవరిలో బయటపడిన స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలూ ఈ కోవవే. కంప్యూటర్ ప్రాసెసరు దాచిపెట్టిన దాన్ని అది తీసుకునే సమయమే బయటపెట్టేసింది.

ఇది చదివినప్పుడు నాకు నాన్న చెవి గుర్తుకొచ్చింది. వాకిట్లో మంచం మీద పడుకుని, అరమైలు దూరంలో కాలువ మోత మారితే లేచి కూర్చునేవాడు. ఎవరో షట్టరు ఎత్తారు. మోత తీరును బట్టి ఏ తూము దగ్గరో కూడా చెప్పేవాడు. రాత్రి నీళ్లు దొంగిలించేవాడు నీళ్లు ఎక్కడికి పోతున్నాయో దాచగలడు, చప్పుడు ఎక్కడికి పోతోందో దాచలేడు.

ట్రాన్సిస్టరు సంగతి చెబుతానని మొదట్లోనే ఊరించాను. 1959లో బెల్ ప్రయోగశాలలో మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ కలిసి తయారుచేసిన రకం, ఈనాడు మన జేబులోని ఫోనులో కోట్లకొద్దీ ఉన్నది అదే. దాని మూడు కాళ్లకు ఇంగ్లిషులో పెట్టిన పేర్లు సోర్స్, గేట్, డ్రెయిన్. అంటే నీటి తల, షట్టరు, మురుగు కాలువ. సోర్సుకూ డ్రెయినుకూ మధ్య ఏర్పడే దారి ఛానెల్. ఈ పేర్లు పెట్టినవారు ఏ డెల్టాలోనూ పుట్టకపోయినా వాళ్ల బుర్ర మాత్రం నీళ్ల మీదే నడిచింది. నాకు ముచ్చటగా ఉండేది ఇంకొకటి: అక్కడ ముందుగా తవ్విన కాలువంటూ ఉండదు. గేటుకు తగినంత వోల్టేజి ఇస్తే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు పైకి వచ్చి పలుచని పొరగా చేరి దారి ఏర్పడుతుంది. వోల్టేజి తీసేస్తే ఆ దారి ఉండదు. షట్టరు ఎత్తినప్పుడే కాలువ పుట్టడం, దించగానే నేలలో కలిసిపోవడం నాన్నకు చెబితే నమ్మేవాడు కాదు. గట్టు గండ్లు పూడ్చే బాధ లేదురా అని సంతోషించేవాడేమో. ఇక్కడ మాత్రం కాలువ అన్న తెలుగు మాట హాయిగా ఇమిడిపోతుంది. మా వాడికి మొదట చెప్పింది అదే.

ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా దాచుకునే పొరలకు ఛానెల్ అనడంలోనూ తప్పు లేదు, విడదీయడమే కదా పని. అక్కడ పొర అంటే చాలు. ప్రభుత్వ ఉద్యోగి దరఖాస్తు పైన త్రూ ప్రాపర్ ఛానెల్ అని రాసుకునేదీ నాకు సమ్మతమే. పై గుమస్తా బల్ల దాటకుండా ఏ కాగితమూ పోకూడదని కట్టిన గట్టు అది. బల్లకో షట్టరు.

ఇప్పుడు టీవీ. మొదట్లో మా ఇంట్లో ఉన్న నలుపు తెలుపు పెట్టెకు పన్నెండు మెట్ల బిరడా ఉండేది. టక్కు టక్కున తిప్పితే పదకొండు మెట్లలో ఇసుక వాన, ఒక్క మెట్టులో దూరదర్శన్. పదకొండు ఖాళీ గదులూ ఛానెళ్లే. ఎవరూ లేకపోయినా ఛానెల్ ఛానెలే, ఎందుకంటే అది 7 మెగాహెర్ట్జ్ వెడల్పున ఆకాశంలో గీసిన మడి. అంతకు ముందు, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ద్వారా దాదాపు 2,400 భారతీయ గ్రామాలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో మన రాష్ట్రమూ ఉంది. అక్కడ బొమ్మ ఒకటే, దానికి రెండు ధ్వని ఛానెళ్లు జతచేసే వీలుండేది, భాషకు ఒకటి. మాటల మధ్య గట్టు కట్టి బొమ్మను ఉమ్మడిగా వదిలేశారు. బహుభాషల దేశానికి అంత పొదుపైన ఆలోచన మళ్లీ నాకు కనిపించలేదు.

1990లలో ప్రైవేటు టీవీలు వచ్చాయి. అప్పుడే మాట జారింది. మడి పేరు మడిలో పంట వేసినవాడి పేరయింది. ఛానెల్ పెట్టారు, ఛానెల్ అమ్మేశారు, ఛానెల్ వాళ్లు వచ్చారు. డిజిటల్ అయ్యాక ఒక మడిలోనే ఎన్నో కార్యక్రమాలు కలిపి పంపుతున్నారు కాబట్టి రిమోట్ మీద నొక్కే సంఖ్యకు ఆకాశంతో సంబంధమే లేదు, అది జాబితాలో వరస. 2019లో టెలికం నియంత్రణ సంస్థ కొత్త టారిఫ్ పెట్టినప్పుడు 130 రూపాయలకు వంద ఛానెళ్లు అని, హెచ్‌డీ ఛానెల్ ఒక్కటి రెండింటితో సమానమని లెక్క కట్టింది. పాత గట్టు జ్ఞాపకం అందులో కాస్త మిగిలింది, వెడల్పు ఎక్కువైతే ఎక్కువ చోటు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఎవరి మడి అయినా కింద నేల ఉమ్మడిదని దాని అర్థం. టీవీవాళ్లు ఆ మాట మరిచిపోవచ్చు, కానీ గుర్తుచేసే చోటంటూ ఒకటుంది.

మా మేనల్లుడికి కూడా ఒక ఛానెల్ ఉంది. ఇంటర్నెట్‌లో వీడియోల ఛానెల్. గోదావరి కాలువల మీది పాత లాకులు, వంతెనలు చూపిస్తుంటాడు, తాత కథలు కూడా చెబుతాడు, బాగుంటుంది. ఒక లాకు వీడియోను రెండు లక్షల మంది చూశారు. ఆ తరువాతి దాన్ని నాలుగు వందల మంది. కెమెరా అదే, గొంతు అదే, కష్టం ఇంకాస్త ఎక్కువ. ఏమైందిరా అంటే తెలియదంటాడు. చందాదారులు ముప్పై వేల మంది ఉన్నారు కదా, వాళ్లందరికీ వెళ్లదా? వెళ్లదట. ఎవరికి చూపాలో అక్కడి యంత్రం అనుకుంటుందట.

"మరి దాన్ని ఛానెల్ అని ఎందుకంటావురా?" అన్నాను.

"అందరూ అదే అంటారు మామయ్యా."

శివారు రైతు పొలానికి నీళ్లు రాకపోతే అర్ధరాత్రి అయినా మా ఇంటికి వచ్చి నాన్న మీద అరిచేవాడు. అన్యాయంగా అరిచినా, ఎవరి మీద అరవాలో అతనికి తెలుసు. షట్టరు ఎక్కడుందో తెలుసు, ఎన్ని అంగుళాలు ఎత్తారో గేజీ మీద కొలుచుకోగలడు. వీడి ఛానెల్‌కు షట్టరు ఎక్కడో తెలియదు, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు, ఎన్ని అంగుళాలో చూసుకునే గేజీ లేదు. వాడికి ఉన్నది సంతలో ఒక దుకాణం. సంతకు దారి ఎవరో రోజుకొక పక్కకు మళ్లిస్తుంటారు. దుకాణం పెట్టుకోవడం తప్పు కాదు, దాన్ని కాలువ అనడం దగ్గరే నాకు అభ్యంతరం. కాలువ అన్నప్పుడు నీరు వస్తుందన్న హామీ ఆ మాటలోనే ఉంది.

వాడు చదువుకున్నవాడు, ఊరుకోలేదు. "తంతి అంటే తీగ కదా మామయ్యా, మీ కాలంలో తంతి వచ్చింది అంటే తీగ వచ్చిందనా?" అన్నాడు. దెబ్బ తగిలింది. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయే దాకా తెలుగువాడు తంతి అని గుండె గుభేలుమనిపించుకున్నది తీగను తలచుకుని కాదు. దారి పేరు ఆ దారిన వచ్చినదానికి పెట్టడం మన భాషలోనూ ఉంది. ఫోను వచ్చింది అంటాం. మాట జారిందని నేను పెట్టిన మొర వీగిపోయింది, ఒప్పుకుంటున్నాను.

కానీ తంతి అన్న మాట ఏదీ దాచలేదు. తీగ కనిపిస్తూనే ఉండేది, స్తంభాలు లెక్కపెట్టుకోవచ్చు. ఛానెల్ అన్న కొత్త వాడుక దాచిపెడుతోంది. నా ఛానెల్ అన్నప్పుడు నా అన్న మాటకు ఎంత విలువ ఉందో చూపనివ్వడం లేదు. ఒకే మాట ఎన్ని రకాలుగా తిరగబడిందో చూడండి. 1988లో ఫిన్లండ్‌లో యార్కో ఓయికారినెన్ కల్పించిన ఐఆర్‌సీ అనే ఇంటర్నెట్ కబుర్ల వేదికలో ఛానెల్ అంటే అందరూ కూర్చుని ఎవరు పడితే వారు మాట్లాడే గది. 2023లో వాట్సాప్ తెచ్చిన ఛానెల్‌లో ఒకరు చెబుతారు, మిగిలినవారు బొటనవేలు బొమ్మ పెడతారు. రచ్చబండకూ దండోరాకూ ఒకే పేరు! తెలుగులో ఆ రెంటికీ వేరే మాటలు ఉన్నాయని గుర్తుచేయడం తప్ప నేను చేసేదేమీ లేదు.

మా మిత్రుడికి మర్నాడు ఉత్తరంలా పొడుగాటి సందేశం పంపాను. టెలిఫోను, రేడియో అధ్యాయాల్లో ఛానెల్ అని ఉంచేయి, పక్కన ఒక్కసారి గట్టు సంగతి చెప్పు. ట్రాన్సిస్టరులో కాలువ అను. ఫొటోలో పొర. మాధ్యమం ఎక్కడా వద్దు. పట్టికలో ఒక్క మాటకే చోటుంటే పట్టిక పెద్దది చేయి. ఇంకా జవాబు రాలేదు. పట్టిక అచ్చుకు వెళ్లిపోయిందేమోనని నా అనుమానం.

ఈలోగా నాకు ఇంకో పని పడింది. మాది ఐదంతస్తుల అపార్టుమెంటు, ఇరవై ఇళ్లు, ఇరవై వైఫై రౌటర్లు. సాయంత్రం ఏడు దాటితే ఎవరి వీడియో కాల్ కూడా నిలకడగా ఉండదు, అందరూ కంపెనీని తిడతారు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశంలో పదమూడు ఛానెళ్లు ఉన్నాయి. కానీ అవి 5 మెగాహెర్ట్జ్ ఎడంతో గీసినవి, ఒక్కో రౌటరు మాట్లాడేది 20 మెగాహెర్ట్జ్ వెడల్పున. అంటే మూడో ఛానెల్ వాడు ఒకటిలోనూ ఆరులోనూ కాళ్లు పెట్టి పడుకుంటాడు. నిజంగా గట్టు ఉన్నవి మూడే: ఒకటి, ఆరు, పదకొండు. ఈ పట్టీకి లైసెన్సు అక్కరలేదు, కాబట్టి లస్కరూ లేడు.

పోయిన ఆదివారం నోటు పుస్తకం పట్టుకుని అన్ని అంతస్తులూ తిరిగాను. కొందరు నన్ను అనుమానంగా చూశారు, ఇద్దరు కాఫీ ఇచ్చారు. మొదటి అంతస్తుకు ఒకటి, రెండుకు ఆరు, మూడుకు పదకొండు, మళ్లీ నాలుగుకు ఒకటి, ఐదుకు ఆరు అని పంచాను. పదిహేడు ఇళ్లు మార్చుకున్నాయి. రెండిళ్లకు తాళాలు వేసి ఉన్నాయి. మూడో అంతస్తులో కొత్తగా దిగిన కుర్రవాడు మాత్రం, "మా రౌటరు నాలుగో ఛానెల్‌లో బాగానే వస్తోంది కదండీ, ఎందుకు మార్చాలి?" అన్నాడు.

అతనికి బాగానే వస్తుంది. కాలువ తల దగ్గర ఉన్నాడు మరి. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాలి.